అడుగు తప్పిన ఏరియళ్ళు

పిల్లలూ, పంద్రాగస్టు ఊరేగింపులో మీరంతా ఎప్పుడో ఒకప్పుడు నడిచే ఉంటారు. ముందు జెండా, జెండా వెనక డ్రమ్ము, డ్రమ్ము వెనక ఇద్దరిద్దరుగా బారులు తీరిన పిల్లలు. డ్రమ్ము మీద పెద్ద దెబ్బకు ఎడమకాలు, చిన్న దెబ్బకు కుడికాలు. ఇంతకంటె సులువైన పని లేదనిపిస్తుంది.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒక ఏడు మా బడి పిల్లలు నాలుగు వందలమంది ఇలాగే ఊరేగింపుగా బయలుదేరారు. నేను ఒక మేడ ఎక్కి చూస్తున్నాను. ముందున్నవాళ్ళు ఎడమకాలు వేసేసరికి చిట్టచివరివాళ్ళు కుడికాలు వేస్తున్నారు! ఒక్కడు కాదు, తోకభాగంలో ఉన్న వాళ్ళందరూ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగి వచ్చాక వాళ్ళను చెడామడా చీవాట్లు పెట్టి, మిఠాయి పంచేటప్పుడు అందరికంటె వెనక నిలబెట్టాను. వాళ్ళలో ఒక కుర్రవాడు మాత్రం, "మాస్టారూ, పెద్ద దెబ్బ వినపడ్డప్పుడే మేము ఎడమకాలు వేశామండీ," అన్నాడు. ఎదురు చెబుతున్నాడని వాడికి మరో రెండు అక్షింతలు వేశాను.

ఆ రాత్రి పడుకున్నాక వాడి మాట గుర్తుకు వచ్చింది. లేచి కాగితం మీద లెక్క వేశాను. శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మా వరస పొడుగు ఇంచుమించు 170 మీటర్లు. అంటే ముందు కొట్టిన దెబ్బ చివరివాడి చెవికి చేరడానికి అర సెకండు పడుతుంది. కవాతులో నిమిషానికి 120 అడుగులు వేస్తారు, అంటే అడుగుకు అర సెకండు. ముందువాడు ఎడమకాలు వేసి, కుడికాలు వేసే సమయానికి గాని ఆ ఎడమ దెబ్బ చివరివాడికి వినపడదు. పాపం, వాడు దెబ్బ వినపడగానే ఎడమకాలు వేశాడు. తప్పు వాడిది కాదు, మధ్యనున్న దూరానిది. మర్నాడు పిల్లల ముందు ఆ సంగతి ఒప్పుకుని, వాళ్ళకు బాకీపడ్డ మిఠాయి తీర్చుకున్నాను.

ఇప్పుడు ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆకాశంలోని రేడియో తరంగాలను వినే శాస్త్రజ్ఞులకు రోజూ ఇదే చిక్కు. వాళ్ళ ఏరియళ్ళు కూడా అడుగు తప్పుతాయి. వాటిని చీవాట్లు పెట్టి లాభం లేదు. ఎంత తప్పాయో కనిపెట్టి సరిదిద్దాలి.

ముందు "అడుగు" అంటే ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం. ఎడమకాలు నేలను తాకినప్పటి నుంచి మళ్ళీ ఎడమకాలే నేలను తాకేదాకా ఒక చుట్టు. మన కవాతులో చుట్టుకు ఒక సెకండు. ఆ చుట్టులో మనిషి ఏ చోట ఉన్నాడన్నదాన్ని శాస్త్రంలో "దశ" అంటారు. మనం అడుగు అనే అందాం. 170 మీటర్ల వెనక ఉన్నవాడు అర చుట్టు వెనకబడ్డాడు, సరిగ్గా ఎదురు అడుగు. 85 మీటర్ల వెనక ఉన్నవాడు పావు చుట్టు వెనకబడ్డాడు. ముందువాడి పాదం నేలను తాకేసరికి వీడి పాదం ఇంకా గాలిలోనే ఉంటుంది. మరి వరస ఇంకా పొడుగై, ఒకడు 340 మీటర్ల వెనక ఉంటే? వాడు పూర్తిగా ఒక చుట్టు వెనకబడతాడు. కాని మేడమీది నుంచి చూసే నాకు వాడి అడుగు ముందువాడి అడుగుతో చక్కగా కలిసినట్టే కనిపిస్తుంది! వాడి ఆలస్యం బయటపడాలంటే డ్రమ్ము జోరు పెంచాలి. తాళం మారగానే వాడి గుట్టు రట్టవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత పనికి వస్తుంది.

రేడియో తరంగం కూడా కవాతు చేస్తున్నట్టే లేచి పడుతూ వస్తుంది. కాకపోతే దాని జోరు వేరు. నక్షత్రాల నడుమ ఉన్న హైడ్రోజన్ వాయువు నుంచి వచ్చే తరంగం సెకండుకు 142 కోట్ల చుట్లు చుడుతుంది. ఒక్కొక్క చుట్టులో 21 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కాబట్టి రెండు ఏరియళ్ళకు ఆ తరంగం వచ్చే దారుల్లో పదిన్నర సెంటీమీటర్లు, అంటే మీ జానెడు కన్న తక్కువ, తేడా వచ్చినా అవి ఎదురు అడుగులో పడతాయి.

పడితే ఏమి నష్టం? ఉయ్యాలను ఇద్దరు ఊపుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే అదనులో తోస్తే ఊపు రెండింతలవుతుంది. ఒకడు ముందుకు తోసేటప్పుడు రెండోవాడు వెనక్కు తోస్తే ఉయ్యాల కదలదు. రెండు సమానమైన తరంగాలు కలిసినప్పుడు కూడా అంతే. అడుగు కలిస్తే ఒకటీ ఒకటీ రెండు. ఎదురు అడుగైతే ఒకటీ ఒకటీ సున్న! చుట్టులో మూడోవంతు తేడా ఉంటే మరీ విచిత్రం, ఒకటీ ఒకటీ కలిసి ఒకటే అవుతుంది. రెండో ఏరియల్ కు పెట్టిన ఖర్చంతా దండగ అన్నమాట.

దండగైనా సరే, ఒకటే పెద్ద ఏరియల్ పెట్టుకోరాదా అంటారేమో. పెట్టుకోవచ్చు గాని, చూపు ఎంత సూక్ష్మంగా ఉండాలంటే గిన్నె అంత వెడల్పుగా ఉండాలి. కిలోమీటర్ల వెడల్పున్న గిన్నెను కట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పడం ఎవరి తరం? అందుకే చిన్న గిన్నెలు చాలా పెట్టి, దూరదూరంగా పరిచి, అవి విన్నదాన్ని ఒకచోట కలుపుతారు. 25 కిలోమీటర్ల మేర పరిస్తే, 25 కిలోమీటర్ల గిన్నెకు ఉండేటంత సూక్ష్మమైన చూపు వస్తుంది. అడుగు కలిస్తేనే సుమా!

ఈ అడుగు కలిపే విద్యలో మన దేశస్థుడొకడు గొప్ప యుక్తి కనిపెట్టాడు. ఆయన పేరు గోవింద్ స్వరూప్. 1929లో పుట్టి, 2020లో పోయారు. 1957లో ఆయన అమెరికాలోని స్టాన్ ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్ళారు. అక్కడ బ్రేస్ వెల్ అనే ఆచార్యుడు సూర్యుణ్ణి రేడియో తరంగాలతో చిత్రించడానికి 32 గిన్నెలు పెట్టిస్తున్నాడు. ఒక్కొక్కటి మూడు మీటర్ల వెడల్పు. తూర్పు పడమరలుగా 16, ఉత్తర దక్షిణాలుగా 16, కూడిక గుర్తులాగా. అవి వినే తరంగం పొడవు 9.1 సెంటీమీటర్లు. ప్రతి గిన్నె నుంచీ తరంగం తన దారిన నడుమకు వచ్చి కలవాలి. ఆ దారులన్నీ సమంగా ఉండాలి. ఎక్కడో ఒక దారి నాలుగున్నర సెంటీమీటర్లు పొడుగైతే చాలు, ఆ గిన్నె మిగతావాటికి ఎదురు తిరుగుతుంది.

దారి పొడుగు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. నూతిలోకి తొంగి చూసి "ఓయ్" అంటే ప్రతిధ్వని వస్తుంది కదా. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే నుయ్యి ఎంత లోతో తెలుస్తుంది. అలాగే నడుమ నుంచి గిన్నె దాకా ఒక తరంగాన్ని పంపి, అక్కడ తగిలి తిరిగి వచ్చినదాని అడుగు చూడవచ్చు. కాని నడుమ నుంచి కేక వేస్తే ఒక్క నుయ్యి కాదు, అన్ని నూతులూ పలుకుతాయి. దారి మధ్యలో ఉన్న ప్రతి అతుకూ, ప్రతి వంపూ కూడా కాస్త కాస్త ప్రతిధ్వని ఇస్తుంది. ఇందులో మనకు కావలసిన నూతి పలుకేదో పోల్చడం ఎట్లా?

స్వరూప్, ఆయన తోటి పరిశోధకుడు యాంగ్ చేసినదేమంటే, కావలసిన నూతి మీద మూత పెట్టి, ఆ మూతను అదేపనిగా తెరుస్తూ మూస్తూ ఉన్నారు. నిజంగా మూత కాదు లెండి. గిన్నె దగ్గర డయోడ్ అనే చిన్న పరికరాన్ని ఉంచి, దాన్ని గబగబా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటే, ఆ చోటు నుంచి తిరిగి వచ్చే తరంగం మాత్రమే మిణుకు మిణుకుమంటుంది. మిగతా ప్రతిధ్వనులన్నీ మిణుకు లేకుండా ఒకే తీరున ఉంటాయి. నడుమ కూర్చున్నవాడు మిణుకుమనేదాన్ని ఏరుకుని దాని అడుగు కొలుస్తాడు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే దారి నడిచింది గనక ఆలస్యం రెండింతలు కనిపిస్తుంది. అది కూడా మేలే, చిన్న తప్పు పెద్దగా కనిపిస్తుంది. 1961లో వాళ్ళిద్దరూ ఈ పద్ధతిని ప్రకటించారు. ఒక దారిలో తరంగాన్ని రానూ పోనూ నడిపించి తేడా కొలవడమనే ఈ ఉపాయం ఆ తరవాత కట్టిన ఎన్నో పెద్ద ఏరియళ్ళలో పనికి వచ్చింది.

స్వరూప్ 1963లో స్వదేశానికి తిరిగి వచ్చి ఊటీ కొండల్లో ఒక రేడియో దూరదర్శిని కట్టించారు. ఆ తరవాత పూనాకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఖోడద్ అనే పల్లె దగ్గర మరింత పెద్దదాన్ని కట్టించారు. ఇందులో 30 గిన్నెలున్నాయి. ఒక్కొక్క గిన్నె 45 మీటర్ల వెడల్పు. గాలికి కొట్టుకుపోకుండా, ఖర్చు కలిసి వచ్చేటట్టు గిన్నెలను రేకుతో కాక సన్నని తీగెల వలతో అల్లించారు. 14 గిన్నెలు నడుమ ఒక కిలోమీటరు మేర గుంపుగా ఉంటాయి. మిగతా 16 మూడు చేతులుగా పొలాల మధ్య దూరదూరాన నిలబడి ఉంటాయి. ఆ చేతుల కొసల మధ్య దూరం సుమారు 25 కిలోమీటర్లు.

గిన్నె విన్నది గాజు తీగెల్లో వెలుతురుగా మారి నడుమనున్న భవనానికి వస్తుంది. గాజులో వెలుతురు సెకండుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. పైగా ఎండకు గాజు తీగె పిసరంత సాగుతుంది. గిన్నె దగ్గర సన్నని సంకేతాన్ని పెద్దది చేసే యంత్రాలుంటాయి. అవి వేడెక్కినప్పుడూ చల్లబడినప్పుడూ అడుగు మార్చుకుంటాయి. ఇదంతా నేల మీది సంగతి. నేలకు పైన, చాలా ఎత్తున, విద్యుదావేశం గల పొర ఒకటి ఉంది. దాన్ని అయనో ఆవరణం అంటారు. అది ఒక గిన్నె మీద దట్టంగానూ మరొక గిన్నె మీద పలచగానూ ఉండి, వచ్చే తరంగాలను తలోరకంగా ఆలస్యం చేస్తుంది. గాజు తీగెను కొలవవచ్చు గాని, ఆకాశానికి మూత పెట్టి కొలవలేము గదా!

అందుకని ఆకాశాన్నే సాక్ష్యం అడుగుతారు. ఎక్కడ ఉన్నదో ఖాయంగా తెలిసి, సూది మొనలాగా చుక్కగా కనిపించి, గట్టిగా పలికే వస్తువును ఒకదాన్ని ఎంచుకుంటారు. 1959లో కేంబ్రిడ్జి వాళ్ళు వేసిన మూడవ జాబితాలో 48వది అలాంటి వస్తువు. దాన్ని "3సి48" అంటారు. 30 గిన్నెలూ ఒక్కసారిగా దానివంక తిరుగుతాయి. అది తూర్పున ఉంటే తూర్పు గిన్నెకు తరంగం ముందు అందుతుంది, పడమటి గిన్నెకు తరవాత. ఆ తేడా ఎంతో భూమి తిరిగే లెక్కను బట్టి ముందే కట్టి తీసివేస్తారు. తీసివేసిన తరవాత అందరి అడుగూ ఒకటే కావాలి. కాకపోతే, ఆ మిగిలిన తేడాయే గిన్నెల తప్పు.

ఇక్కడొక తమాషా లెక్క ఉంది. ఏ గిన్నె అడుగునూ విడిగా ఇది ఇంత తప్పు అని చెప్పడం కుదరదు. రెండేసి గిన్నెలను పోల్చి, దీనికంటె అది ఎంత వెనక అని మాత్రమే చూడగలరు. గదిలో గడియారాలు చాలా ఉండి, అసలు టైము ఎవరికీ తెలియనట్టు. అయినా చిక్కులేదు, ఎందుకంటే అన్నీ ఒకే టైము చూపిస్తే చాలు, అది అసలు టైము కానక్కర లేదు. ఒక గిన్నెను పెద్దన్నగా పెట్టుకుని దాని తప్పు సున్న అనుకుంటారు. ఇక కనుక్కోవలసిన తప్పులు 29. మరి 30 గిన్నెల్లో జంటలు ఎన్ని? 30 ని 29తో హెచ్చవేసి సగం చెయ్యండి. 435! తెలియనివి 29, వాటికి ఆధారాలు 435. ఇన్ని ఆధారాలుంటే, నాలుగైదు జంటల్లో ఏదో గందరగోళం వచ్చినా లెక్క చెడిపోదు.

మీరు కూడా గడియారాలతో ఒక లెక్క చెయ్యండి. రాము గడియారం 10 నిమిషాలు ముందుంది, సోముది 4 నిమిషాలు ముందుంది, గోపీది 3 నిమిషాలు వెనకుంది. రాముది సోము కంటె 6 ముందు. సోముది గోపీ కంటె 7 ముందు. గోపీది రాము కంటె 13 వెనక. ఆరూ ఏడూ కూడి పదమూడు తీసివేస్తే సున్న. గడియారాలను మీ ఇష్టం వచ్చినట్టు తిప్పి చూడండి, మూడింటినీ చుట్టి వస్తే మొత్తం ఎప్పుడూ సున్నయే! ఇంగ్లండులో జోడ్రెల్ బ్యాంక్ అనే చోట పనిచేసిన రోజర్ జెనిసన్ 1958లో దీన్ని ఏరియళ్ళకు వర్తింపజేశాడు. మూడు ఏరియళ్ళను చుట్టి లెక్క కడితే వాటి సొంత తప్పులన్నీ ఒకదానితో ఒకటి కొట్టివేసుకుపోతాయి. అప్పటికీ సున్న రాలేదంటే ఆ మిగులు ఏరియళ్ళది కాదు, ఆకాశంలోని వస్తువుదే. అది చుక్క కాదు, ఏదో ఆకారం గల వస్తువన్నమాట. తప్పుడు గడియారాలతో నిజం రాబట్టడం ఇదే. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న సంగతి ఇప్పుడు తీయండి. 340 మీటర్ల వెనక ఉన్నవాడు అడుగు కలిసినట్టే కనిపించి మోసం చేస్తాడు. గిన్నె కూడా అంతే, పూర్తి చుట్లు వెనకబడి ఉండవచ్చు. అందుకని ఒకే జోరు గల తరంగంతో సరిపెట్టుకోక, కొంచెం జోరు ఎక్కువ, కొంచెం తక్కువ తరంగాలను కూడా విని చూస్తారు. ఒక జోరులో కలిసిన అడుగు మరో జోరులో విడిపోతే ఎక్కడో పూర్తి ఆలస్యం దాగి ఉన్నదని పట్టుకుంటారు. ముందు ఆలస్యం దిద్ది, తరవాత అడుగు దిద్దుతారు.

దిద్దినది ఎంతోసేపు నిలవదు కూడా. యంత్రాలు, అయనో ఆవరణం మారిపోతూనే ఉంటాయి. కాబట్టి పరిశోధకుడు తాను చూడదలచిన దిక్కును అరగంటో ముప్పావుగంటో చూసి, గిన్నెలను దగ్గర్లో ఉన్న తెలిసిన చుక్క వైపు తిప్పి, కొద్ది నిమిషాలు దిద్దుకుని, మళ్ళీ పనిలోకి వస్తాడు. రాత్రంతా ఇదే వరస. ఈ పని చెయ్యకపోతే ఏమవుతుంది? చాలా సన్నగా పలికే పల్సార్ నక్షత్రాలను వినడానికి 30 గిన్నెల సంకేతాలనూ కలుపుతారు. అడుగులన్నీ కలిస్తే ఫలం 30 ఇంతలు. తలోదారీ అయితే సుమారు ఐదున్నర ఇంతలే! 30 గిన్నెలు కట్టి ఐదారు గిన్నెల పని చేయించుకున్నట్టు. చిత్రం తీసేటప్పుడైతే ఇంకా ప్రమాదం. ఒక్క గిన్నె అడుగు తప్పినా లేని నక్షత్రాలు ఉన్నట్టు కనిపిస్తాయి, ఉన్నవి మసకబారతాయి.

మన వైపు ఇటువంటి వింత చూడాలంటే తిరుపతికి దగ్గరలో గాదంకి ఉంది. ఇక్కడి రాడార్ నక్షత్రాలను వినడానికి కాదు, మనపైన ఎత్తున గాలి ఎటు ఎంత వేగంతో వీస్తున్నదో చూడడానికి. 130 మీటర్ల చదరంలో 32 వరసలు, వరసకు 32 చొప్పున 1024 ఏరియళ్ళు. అవి కదలవు, మెదలవు. అయినా రాడార్ చూపు అటూ ఇటూ వంగుతుంది! అడుగులన్నీ ముందుగా కలిపిపెట్టుకుని, ఆ తరవాత కావాలనే ఒక్కొక్క వరసనూ పక్క వరసకంటె రవ్వంత ఆలస్యం చేస్తే తరంగమంతా ఒక పక్కకు వాలుతుంది. చూపు అనుకున్న చోటికే పోతున్నదో లేదో తేల్చుకోవడానికి ఇక్కడ కూడా ఆకాశాన్నే అడిగారు. కన్యారాశిలో విర్గో-ఎ అనే రేడియో వస్తువు గాదంకికి దాదాపు నడినెత్తిన పోతుంది. అది ఏ క్షణంలో చూపులోకి వచ్చిందో చూస్తే గురి తెలిసిపోతుంది.

ఇక మా ఊరేగింపు సంగతి. మరుసటి ఏడు వరస నడుమ రెండో డ్రమ్ము పెట్టాలని నిర్ణయించాము. పెట్టి చూస్తే వాడు కూడా ముందు డ్రమ్ము విని కొట్టడంతో ఆలస్యం అట్లాగే ఉండిపోయింది! అప్పుడు కిందటి ఏడు నాకు ఎదురు చెప్పిన కుర్రవాడు, "చెవులు మూసుకుని, ముందువాడి కర్ర చూసి కొట్టమనండి మాస్టారూ," అన్నాడు. వెలుతురుకు 170 మీటర్లు ఒక లెక్కా? డ్రమ్ము వాడి చెవుల్లో దూది పెట్టి, ముందువాడి కర్ర కనిపించేటట్టు వాణ్ణి వరస నుంచి ఒక పక్కగా నడిపించాము. తోక దగ్గర మూడో డ్రమ్ము వాడికీ అంతే. ఖోడద్ లోనూ గిన్నెలన్నిటికీ తాళం నడిమి భవనం నుంచి గాజు తీగెల్లో వెలుతురుగానే వెళుతుందని చాలా ఏళ్ళ తరవాత చదివి, ఆ కుర్రవాడికి ఉత్తరం రాశాను. వాడప్పటికి ఉద్యోగంలో ఉన్నాడు. "మిఠాయి ఇంకా బాకీ ఉన్నారండీ, ఈసారి వడ్డీతో," అని జవాబు రాశాడు.